ఐసీయూ నించి ఇంటికొచ్చాక వినపడట్లేదు, తూలుతున్నారు: మీ ప్రశ్నలు, ఈఎన్‌టీ డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలావరకు ఐసీయూ చుట్టూనే తిరిగాయి. పెద్ద జబ్బు చేసింది, ఉంటారో పోతారో అనుకున్న మనిషి బతికి ఇంటికొచ్చారు, తీరా చూస్తే సరిగ్గా వినపడట్లేదు, లేచి నడిస్తే తూలుతున్నారు, ఎవర్ని అడిగినా నీరసం అండి మెల్లగా తగ్గుతుంది అంటున్నారు. ఈ నీరసం అనే మాట వెనక చెవి జబ్బులు ఎన్ని మరుగున పడిపోతాయో నేను ఓపీలో రోజూ చూస్తూనే ఉంటా, అందుకే పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా. ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 61. యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలోకి పాకిందన్నారు, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి, రెండు వారాలు ఐసీయూలో ఉంచారు. దేవుడి దయవల్ల బయటపడ్డారు. ఇంటికొచ్చి రెండు నెలలైంది, తిండి బాగానే తింటున్నారు కానీ నడిస్తే తాగినోడిలా తూలుతున్నారు, రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే గోడ పట్టుకోవాల్సిందే. బండి మీద వెనక కూర్చుంటే షాపుల బోర్డులు పైకీ కిందకీ ఊగుతున్నాయంటారు. గది గిర్రున తిరగడం లాంటిదేం లేదు. మెడ ఎక్స్‌రే తీసి ఎముక అరిగిందన్నారు, కాలర్ పెట్టారు, కళ్ళు తిరక్కుండా మాత్రలు రాశారు, ఆరు వారాలుగా వాడుతున్నాం, ఏం తేడా లేదు. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో పంపుతున్నా. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ ఫోటో పంపి చాలా మంచి పని చేశారు బాబూ. అసలు సంగతి అందులోనే ఉంది. జెంటామైసిన్ ఇంజక్షన్ 10 రోజులు ఇచ్చారు, దాంతోపాటే ఒంట్లో నీరు తీయడానికి ఫ్యూరోసెమైడ్ నరానికి ఎక్కించారు, ఆ రోజుల్లోనే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3 దాటింది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని. ఈ మూడూ ఒక్కచోట కనపడితే ఏ ఈఎన్‌టీ డాక్టరైనా ముందు చెవి గురించే ఆలోచిస్తాడు. ఉత్తరం చదివి ఖాయంగా చెప్పేయకూడదు, పరీక్ష చెయ్యాలి, కానీ మీరు రాసిన లక్షణాలు చూస్తే లోపలి చెవిలో ఉండే బ్యాలెన్స్ భాగం రెండు వైపులా దెబ్బతిన్నట్టే నాకు అనిపిస్తోంది, మెడ ఎముక అరుగుదల అరవై దాటిన ఎవరికి ఎక్స్‌రే తీసినా కొంతలో కొంత కనపడుతుంది, దానికీ బోర్డులు ఊగడానికీ సంబంధం లేదు.

జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్ ఇవన్నీ ఒకే కుటుంబం మందులు. రక్తంలోకి పాకిన మొండి ఇన్ఫెక్షన్లకి బాగా పనిచేస్తాయి, ఖరీదూ తక్కువ, కాబట్టి మన ఆస్పత్రుల్లో ఇవి లేకుండా గడవదు. ఇబ్బందల్లా ఇవి లోపలి చెవిలో శబ్దాన్నీ కదలికనీ పసిగట్టే సన్నటి వెంట్రుక కణాల్లోకి దూరి వాటిని చంపేస్తాయి, ఆ కణాలు మనుషుల్లో మళ్ళీ పుట్టవు. కుటుంబం ఒకటే అయినా దెబ్బ కొట్టే చోటు ఒక్కోదానిది ఒక్కోటి: జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా బ్యాలెన్స్‌ని, అమికాసిన్, కానామైసిన్ ఎక్కువగా వినికిడిని. ఈ మందులు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి, కిడ్నీలు మొరాయించినప్పుడు అదే డోసు పేరుకుపోతుంది, పైన ఫ్యూరోసెమైడ్ కూడా తోడైతే, అందులోనూ గబగబా ఎక్కిస్తే, చెవి మీద దెబ్బ ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ఇంజక్షన్ ఆపేశాక కూడా ఆ మందు చెవి కణాల్లో చాలా రోజులు ఉండిపోతుంది, అందుకే ఆస్పత్రిలో బాగానే ఉన్న మనిషికి ఇంటికెళ్ళిన కొన్ని వారాలకి తేడా మొదలవ్వచ్చు.

మరి కళ్ళు తిరగలేదు కదా అని మీరడగొచ్చు. ఒక్క చెవి పాడైతే రెండు చెవుల మధ్య తేడా వస్తుంది, ఆ తేడాకే గది గిర్రున తిరిగినట్టుంటుంది, రెండూ సమానంగా పోతే తేడానే ఉండదు కాబట్టి తిరగడమూ ఉండదు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలీదు, లేచి నడిచిన రోజే తెలుస్తుంది. మనం నడుస్తున్నప్పుడు తల ప్రతి అడుక్కీ అదురుతుంది, తల ఎటు కదిలితే కళ్ళు దానికి సరిగ్గా ఎదురువైపుకి కదిలి చూపుని నిలబెడతాయి, ఈ పని చేయించేది చెవే. అది పోతే తలతోపాటు లోకం కూడా ఊగుతుంది, మీ నాన్నగారు చెప్పే బోర్డులు అవే. చీకట్లో తూలడానికి కారణం కూడా ఇదే, పగలు కళ్ళు ఆసరా ఇస్తున్నాయి, లైటు ఆర్పేస్తే ఇక మిగిలింది పాదాలొక్కటే.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు, 1940ల్లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలోనే డాక్టర్లు గమనించారు. 1952లో అమెరికాలో ఒక డాక్టరు జె.సి. అని రెండక్షరాలు మాత్రమే వేసుకుని ఒక వైద్య పత్రికలో తన అవస్థ రాసుకున్నాడు, స్ట్రెప్టోమైసిన్ వల్ల ఆయనకి రెండు వైపులా బ్యాలెన్స్ పోయింది. మంచం మీద పడుకుని చదువుకుందామంటే గుండె కొట్టుకునే ఆ కాస్త కదలికకే అక్షరాలు అదిరిపోయేవట, మంచం తలవైపు ఉండే రెండు ఇనప ఊచల మధ్య తలని బిగించి పెట్టుకుని చదివేవాడట. డెబ్భై ఏళ్ళ పైమాట ఇది, ఇప్పటికీ మన దగ్గర ఇలాంటి మనిషికి మెడ కాలర్ తగిలించి పంపేస్తున్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. మీ గోడకి తిథులూ వర్జ్యాలూ ఉండే తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, నాన్నగారిని కళ్ళజోడుతో కుర్చీలో కూర్చోబెట్టి, తల కదపకుండా ఏ సైజు అక్షరాలు చదవగలుగుతున్నారో చూసుకోండి, తర్వాత మీరు వెనక నిలబడి ఆయన తలని రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం కొంచెంగా, కాస్త వేగంగా, కాదు కాదు అన్నట్టు అటూ ఇటూ కదుపుతూ అదే చదవమనండి. తిథి చదివిన మనిషి తేదీ అంకెలు తప్ప ఇంకేం చదవలేకపోతే చెవి మీద అనుమానం గట్టిపడుతుంది. మెడకి దెబ్బ తగిలిన వాళ్ళకి మాత్రం ఇది చెయ్యకూడదు. ఆ తర్వాత ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళి తలని చటుక్కున తిప్పి కళ్ళు ఎలా కదులుతాయో చూసే తల విదిలింపు పరీక్ష, చెవిలో నీళ్ళు పోసి చేసే క్యాలరిక్ పరీక్ష, వినికిడి కొలిచే ఆడియోగ్రామ్ మూడూ చేయించండి.

ఇక మందు. పోయిన కణాలని తిరిగి తెచ్చే మందు లేదు, ఈ మాట చెప్పడం నాకూ కష్టమే కానీ దాచి లాభం లేదు. కళ్ళు తిరక్కుండా ఇచ్చే మాత్రలు, సినారిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటివి, ఈ జబ్బుకి పనికిరావు సరికదా మెదడు కొత్త పరిస్థితికి అలవాటు పడకుండా అడ్డుపడతాయి, పైగా ప్రోక్లోర్‌పెరజైన్ పెద్దవాళ్ళకి నెలల తరబడి వాడితే చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం మొదలవ్వచ్చు. రాసిన డాక్టర్‌ని అడిగి వాటిని మానిపించే ఏర్పాటు చూడండి. పనిచేసేది వ్యాయామం. చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, గోరు చెదరకుండా తలని పక్కలకి ఒక నిమిషం, పైకీ కిందకీ ఒక నిమిషం, రోజుకి నాలుగైదు సార్లు, మొదట కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. పక్కన ఒక మనిషి ఉండాలి. వెస్టిబ్యులర్ రిహాబ్, అంటే బ్యాలెన్స్ కోసం చేయించే వ్యాయామాలు, తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే ఇంకా మంచిది. నెలల పని ఇది, కళ్ళూ కాళ్ళూ కలిసి చెవి పని కొంతవరకు నేర్చుకుంటాయి, చాలామంది పగటిపూట మామూలుగా తిరగగలుగుతారు.

మూడు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తున్నా. రాత్రంతా బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. చీకటిపడ్డాక ఆయన బండి నడపకూడదు. కాలవలో, చెరువులో, పుష్కరాల రేవులో మునక వెయ్యకూడదు, నీళ్ళలోపల పైన ఏదో కింద ఏదో చెప్పేది చెవే, అది లేని మనిషి ఈత వచ్చినా పైకి రాబోయి కిందకి వెళ్ళిపోగలడు. చెంబుతో పోసుకోమనండి, పుణ్యం తగ్గదు.

ఇంజక్షన్ అసలు ఇవ్వకుండా ఉండాల్సిందా అంటే, ఆ రోజున ప్రాణం నిలిపింది అదే అయ్యుండొచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఐసీయూలో మనవాళ్ళు ఉన్నప్పుడు రౌండ్స్‌లో డాక్టర్ని మర్యాదగా అడగొచ్చు: ఈ కుటుంబం మందు నడుస్తోందా, కిడ్నీని బట్టి డోసు తగ్గించారా, రక్తంలో మందు ఎంత ఉందో చూస్తున్నారా, ఇంకెన్ని రోజులు, బదులు వేరేది ఉందా అని. ఇంకొకటి, తల్లి వైపు ఎవరికైనా ఇంజక్షన్ తర్వాత చెవుడు వచ్చి ఉంటే ముందే చెప్పెయ్యాలి. తల్లి నించి పిల్లలకి వచ్చే ఒక జన్యు మార్పు ఉంది, అది ఉన్నవాళ్ళకి మామూలు డోసుకే వినికిడి పోవచ్చు. ఇంగ్లండులో మాంచెస్టర్ వాళ్ళు దీన్ని పుట్టిన పిల్లల్లో అరగంట లోపే పట్టే టెస్టు తయారుచేశారు, మన దగ్గర అంత త్వరగా తేలదు కాబట్టి అమ్మమ్మ వైపు కథ చెప్పడమే మనకున్న టెస్టు. మొండి టీబీ ఉన్నవాళ్ళకి ఒక మంచి కబురు కూడా చెప్తా, ఒకప్పుడు నెలల తరబడి రోజూ కానామైసిన్ సూది వేసేవాళ్ళు, వినికిడి పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంది, ఇప్పుడు బెడాక్విలిన్ లాంటి మాత్రలతోనే మన దేశంలో కూడా వైద్యం నడుస్తోంది.

ప్రశ్న: సార్, మా అత్తమ్మకు 74 ఏండ్లు. నిమోనియా వచ్చి వెంటిలేటర్ మీద పెట్టిన్రు, ఇప్పుడు పైపు తీసిన్రు గని ఇంకా ఐసీయూలనే ఉన్నది. మేం మాట్లాడితే అటు జూడది, మనం ఒకటి అడిగితే తను ఇంకోటి చెప్తది, రాత్రిపూట పైపులు గుంజుతున్నదని చేతులు కట్టేసిన్రు. ఐసీయూ డెలీరియం అన్నరు. ఇంటికాడ చెవుల మిషన్ పెట్టుకుంటది, అడ్మిషన్ రోజు గాజులు, కమ్మలతోని అది గూడ మాకే ఇచ్చేసిన్రు, బీరువల ఉన్నది. మా అత్తమ్మకు మతి పోయిందా సార్? – ఒక కోడలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ఈ పేజీ మీకు చేరేలోపే ఫోన్‌లో చెప్పించాను, ఇక్కడ మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. ముందు బీరువాలోంచి ఆ మిషన్ తియ్యండి, కొత్త బ్యాటరీ వెయ్యండి, విజిటింగ్ టైమ్‌లో తీసుకెళ్ళి సిస్టర్‌కి చెప్పి పెట్టండి. కళ్ళజోడు ఉంటే అదీ, కట్టుడు పళ్ళు ఉంటే డాక్టర్ సరేనన్నాక అవీ.

డెలీరియం అంటే పెద్ద జబ్బులో కొన్నాళ్ళు వచ్చే అయోమయం, అది లేదని నేననట్లేదు, వెంటిలేటర్ మీద ఉన్న పెద్దవాళ్ళలో అది చాలా ఎక్కువ, మతి పోవడం వేరు ఇది వేరు, చాలామందిలో తగ్గిపోతుంది. కానీ వినపడని మనిషిని అయోమయంలో ఉన్న మనిషిగా లెక్కగట్టడం కూడా ఐసీయూల్లో బాగా జరుగుతుంది. ఆ డెలీరియం ఉందో లేదో చూసే పరీక్ష ఎలా ఉంటుందో చెప్తా, వరసగా ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ ఏ అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కమ్మా అంటారు, ఎక్కడ నొక్కలేదో, ఎక్కడ అనవసరంగా నొక్కిందో లెక్కపెడతారు. వినపడని ఆవిడ, అందులోనూ ఇంగ్లీషు అక్షరాలు రాని ఆవిడ, ఈ పరీక్షలో తప్పకపోతే ఆశ్చర్యపోవాలి. బొమ్మలు చూపించి చేసే పద్ధతి కూడా ఉంది, అది అడగండి.

మిషన్ పెట్టినా వినపడట్లేదంటే చెవిలోకి లైటు వేసి చూడమనండి. గులిమి పేరుకుపోయి ఉండొచ్చు. లేదా ముక్కులోంచి పొట్టలోకి వేసిన పైపు, నోట్లో వెంటిలేటర్ పైపు, రోజుల తరబడి వెల్లకిలా పడుకోవడం, వీటివల్ల ముక్కు వెనక నించి చెవికి వెళ్ళే గొట్టం మూసుకుపోయి కర్ణభేరి వెనక నీరు చేరుతుంది, మామూలుగా పైపులు తీశాక కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, ఉన్నన్నాళ్ళూ మాత్రం అన్నీ దూరంగా వినపడతాయి. అసలే ఐసీయూలో మోత. రోగి పడుకునే గదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మానిటర్ల కూతలూ ట్రాలీల చప్పుడూ ఉండే ఐసీయూలో అది ఎక్కడా కుదరట్లేదు, దానికితోడు అందరి మూతికీ మాస్కులు, పెదాలు చూసి అర్థం చేసుకునే మనిషికి ఆ దారి కూడా మూసేసినట్టే.

మాట్లాడేటప్పుడు చెవి దగ్గర అరవొద్దు, అరిస్తే మాట పగిలిపోయి ఇంకా తెలీదు. ఎదురుగా వచ్చి, చెయ్యి తాకి, మిమ్మల్ని చూశాక అప్పుడు మామూలు గొంతుతో, కీచుమనకుండా, నిదానంగా, ఒకసారికి ఒక మాట చెప్పండి. చదువు వస్తే పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపించండి, పొద్దున్నా రాత్రా, ఏ ఆస్పత్రి, ఎందుకొచ్చాం, రేపు ఎవరొస్తారు, ఇవన్నీ. మంచం తలవైపు ఒక కాగితం అంటించమనండి: "ఈమెకు చెవుల మిషన్ ఉంటేనే వినపడుతుంది, ఎదురుగా వచ్చి మాట్లాడండి" అని. డ్యూటీ సిస్టర్లు షిఫ్టు షిఫ్టుకీ మారతారు, ఆ కాగితం మారదు. చేతులు కట్టిన సంగతి కూడా వినపడటం మొదలయ్యాక మళ్ళీ మాట్లాడండి, విషయం అర్థమైన మనిషి పైపు లాక్కోవడం చాలాసార్లు తనంతట తనే ఆపేస్తుంది.

ప్రశ్న: గుంటూరు దగ్గర రోడ్డు యాక్సిడెంట్‌లో మా తమ్ముడు పోయాడు. నేను ఫ్లైట్ దిగి వెళ్ళేసరికి బ్రెయిన్ డెడ్ అన్నారు. గాజు తలుపులోంచి చూస్తే వాడి చెవిలో ఐస్ నీళ్ళు పోస్తున్నారు, మమ్మల్ని పక్కకి వెళ్ళమన్నారు. చెవిలో నీళ్ళు పోసి ప్రాణం లేదని ఎలా తేలుస్తారు? వాడికి చెవి ముందే దెబ్బతిని ఉంటే? వాడికి నొప్పి తెలిసిందా? ఈ మూడూ నన్ను నిద్రపోనివ్వట్లేదు. – ఒక అన్న, న్యూజెర్సీ

జవాబు: అయ్యా, మీ బాధకి నా దగ్గర మందు లేదు, మీ మూడు ప్రశ్నలకి జవాబు మాత్రం ఉంది. లోపలి చెవిలో నీరు నిండిన అర్ధవలయాల గొట్టాలు ఉంటాయి, చల్లటి నీళ్ళు పోస్తే లోపలి ద్రవం కదిలి, తల తిరుగుతున్నట్టు కబురు మెదడు కాండానికి, అంటే ఊపిరిని నడిపే మెదడు అడుగు భాగానికి, వెళ్తుంది, అక్కడ్నించి కంటి కండరాలకి వెళ్తుంది, కళ్ళు పక్కకి జరుగుతాయి. వియన్నాలో రాబర్ట్ బరాని అనే చెవి డాక్టరు, చెవి కడిగే నీళ్ళు చల్లగా ఉంటే ఒక రకంగా వేడిగా ఉంటే ఇంకో రకంగా కళ్ళు కదలడం గమనించి దీన్ని కనిపెట్టాడు, 1914 నోబెల్ ఆయనకే, ఆ కబురు అందేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. కోమాలో ఉన్నా మెదడు కాండం బతికుంటే చల్లనీళ్ళు పోసిన చెవి వైపుకి కళ్ళు తిరుగుతాయి. అది చచ్చిపోతే కదలవు.

మీ రెండో అనుమానం చాలా సరైన అనుమానం. కర్ణభేరి చిరిగినా, గులిమి అడ్డుపడినా, తల ఎముక విరిగి చెవి నరం తెగినా, జెంటామైసిన్ లాంటివి వాడినా మెదడు కాండం బాగుండి కూడా కళ్ళు కదలకపోవచ్చు. అందుకే ముందు చెవి లోపల చూస్తారు, అందుకే ఈ ఒక్క పరీక్ష మీద ఎవరూ నిర్ణయం తీసుకోరు. కంటిపాప, కనుగుడ్డు తాకినప్పటి స్పందన, దగ్గు, గొంతు స్పందన, చివర్లో వెంటిలేటర్ ఊపిరి ఆపి సొంతంగా శ్వాస వస్తుందేమో చూడటం, ఇవన్నీ చేస్తారు. మన దేశంలో 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చేసి సంతకాలు పెట్టాలి. ఆ కాగితాలు చూపించమని అడిగే హక్కు మీకుంది, అడగండి.

నొప్పి తెలియాలంటే ఆ కబురు మెదడు కాండం దాటి పైకి వెళ్ళాలి. మీ తమ్ముడికి ఆ దారి అప్పటికే లేదు. ఆయనకేమీ తెలియలేదు.

ప్రశ్న: మా బాబు ఏడో నెలలోనే పుట్టేశాడు, కేజీ మున్నూరు గ్రాములు. ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) నెల దగ్గర ఉంచారు, ఊపిరి మిషన్, అమికాసిన్ ఇంజక్షన్లు, పచ్చకామెర్లకి లైటు, తర్వాత రక్తం మార్చారు కూడా. డిశ్చార్జ్ అప్పుడు చెవి టెస్టు పాస్ అన్నారు. ఇప్పుడు ఎనిమిదో నెల, పేరు పెట్టి పిలిస్తే తిరగడు, మెడ కూడా లేటుగా నిలబెట్టాడు. మా అత్తగారేమో పళ్ళెం కొడితే ఉలిక్కిపడ్డాడు కదా, మగపిల్లలకి అన్నీ లేటేనమ్మా అంటున్నారు. – ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఆగొద్దు. ఈ వారమే వెళ్ళండి. పళ్ళెం మోత అంత గట్టి చప్పుడుకి ఉలిక్కిపడటం, అమ్మ మాట వినపడటం రెండూ ఒకటి కాదు.

డిశ్చార్జ్ అప్పుడు చేసింది ఓఏఈ అయ్యుంటుంది, చెవిలో చిన్న మొగ్గ పెట్టి రెండు నిమిషాల్లో చేసేస్తారు. అది లోపలి చెవిలోని వెంట్రుక కణాలు పనిచేస్తున్నాయా అన్నంతవరకే చెప్తుంది, అక్కడ్నించి నరం మెదడుకి చేరవేస్తోందా లేదా అన్నది చెప్పలేదు. పచ్చకామెర్లు రక్తం మార్చేంత ఎక్కువైన పిల్లల్లో దెబ్బతినేది సరిగ్గా ఆ నరం దారే, కాబట్టి ఓఏఈ పాస్ అయ్యి కూడా బిడ్డకి మాట వినపడకపోవచ్చు. ఎన్‌ఐసీయూలో 5 రోజులకి మించి ఉన్న ఏ బిడ్డకైనా బెరా అనే పరీక్ష చెయ్యాలి, ఇది నేను పెట్టిన రూలు కాదు, పిల్లల వినికిడి నిపుణులు చెప్పే పద్ధతి. మీ డిశ్చార్జ్ కాగితంలో బెరా అన్న మాట లేకపోతే అది జరగలేదనే అనుకోండి.

బెరా అంటే భయపడకండి, సూదులు ఉండవు, నుదుటి మీద, చెవుల వెనక బిళ్ళలు అంటించి చెవిలో టకటకమని శబ్దాలు వినిపిస్తారు, బిడ్డ నిద్రపోతూ ఉండాలి అంతే. పొద్దున్నుంచీ నిద్రపోనివ్వకుండా ఆడించి తీసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాకే పాలు పట్టండి, హాయిగా నిద్రపోతాడు. మీకు దగ్గర్లో విశాఖపట్నం ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, హైదరాబాద్ వైపు వాళ్ళకి కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి. జిల్లాలో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద చిన్నపిల్లల కోసం పెట్టిన డీఈఐసీ సెంటర్లో కూడా అడగండి. లోపం ఉందని తేలితే ఈ వయసుకే మిషన్లు పెట్టొచ్చు, వాటితో లాభం లేకపోతే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తారు, ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) చిన్నపిల్లలకి అది చేస్తారు, వయసు పరిమితి ఉంటుంది కాబట్టి నెలలు పోగొట్టుకోవద్దు. నెలలోపు టెస్టు, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్, ఇదీ ఉండాల్సిన వరస. మీరు ఇప్పటికే కొంచెం దాటారు, అంతమాత్రాన చెయ్యిదాటిపోలేదు.

మెడ లేటుగా నిలబడటం నెల తక్కువ పుట్టడం వల్లా అవ్వచ్చు, చెవిలో బ్యాలెన్స్ భాగం దెబ్బతినడం వల్లా అవ్వచ్చు, డాక్టరుకి ఆ సంగతి విడిగా చెప్పండి. మీ అత్తగారిని కూడా పరీక్షకి వెంట తీసుకెళ్ళండి, కళ్ళారా చూస్తే ఆవిడే మీకు పెద్ద తోడవుతారు.

ప్రశ్న: మా ఆయన బండి మీంచి పడి తలకి దెబ్బ, పది రోజులు ఐసీయూ. ఇప్పుడు ఇంట్లో మంచం మీద కుడివైపు తిరిగితే గది గిర్రున తిరిగి వాంతొచ్చేస్తుంది, అర నిమిషంలో ఆగిపోతుంది. కుడి చెవిలోంచి అప్పుడప్పుడు నీళ్ళలా కారుతోంది, దూది పెడుతున్నాం. – అనంతపురం

జవాబు: దూది వెంటనే తీసెయ్యండి, చుక్కల మందు కూడా వెయ్యొద్దు. తలదెబ్బ తర్వాత చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలా కారితే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు, లోపలికి ఇన్ఫెక్షన్ పాకితే మెదడు పొరలకి ప్రమాదం. ఐసీయూలో చూసిన న్యూరో డాక్టర్ దగ్గరికి ఈరోజే వెళ్ళండి, చెవి ఎముక సీటీ, ఆడియోగ్రామ్ అవసరం పడతాయి.

గిర్రున తిరగడం మాత్రం అంత భయపడాల్సింది కాకపోవచ్చు. చెవిలో సున్నపు పలుకులు ఉంటాయి, దెబ్బకి అవి ఊడి గొట్టాల్లోకి జారితే, పక్కకి తిరిగినప్పుడల్లా ఒక నిమిషం లోపు కళ్ళు తిరుగుతాయి, రోజుల తరబడి మంచం మీద ఉన్నవాళ్ళకి దెబ్బ లేకపోయినా వస్తుంది. తలని ఒక వరసలో తిప్పి ఆ పలుకుల్ని వెనక్కి పంపే పద్ధతి ఉంది, ఎప్లీ అంటారు, చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. యూట్యూబ్ చూసి ఇంట్లో చెయ్యొద్దు, మెడ ఎముక బాగుందని, ఆ కారడం ఏంటో తేలిందని డాక్టర్ అన్నాకే. మాట ముద్దగా వస్తున్నా, ఒకటి రెండుగా కనపడుతున్నా, మింగలేకపోతున్నా, కూర్చోబెడితే ఒకవైపుకి ఒరిగిపోతున్నా అది చెవి కాదు, ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

ప్రశ్న: మా అన్నయ్యకి తొమ్మిది రోజులుగా జ్వరం, ఇప్పుడు ఊపిరి అందక ఐసీయూలో చేర్చాం. డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు అంటున్నారు. నాలుగు రోజుల్నించి రెండు చెవులూ మొద్దుబారి హోరుమంటున్నాయంటున్నాడు, జ్వరం కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పొలం పని చేస్తాడు. – మదనపల్లె దగ్గర పల్లె నించి

జవాబు: మీ మెసేజ్ రాగానే ఫోన్ చేశాను, అక్కడి డాక్టర్ స్క్రబ్ టైఫస్ కోసం రక్తం పంపారని చెప్పారు, మంచిది. పొదల్లో, గట్ల మీద గడ్డిలో ఉండే కంటికానని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం ఇది, మన రాష్ట్రంలో వానాకాలం నించి చలికాలం దాకా బాగానే కనిపిస్తుంది. ముదిరితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. జ్వరంతోపాటు రెండో వారంలో చెవుడు, హోరు రావడం దీని ఆనవాళ్ళలో ఒకటి, టైఫాయిడ్ కాదు డెంగీ కాదు అన్న జ్వరంలో రోగి వినపడట్లేదు అన్నాడంటే ఆ మాట డాక్టర్ చెవిన వెయ్యాల్సిందే.

ఒళ్ళంతా వెతకమనండి, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలీదు. చంకల్లో, గజ్జల్లో, మొలతాడు కింద, ఆడవాళ్ళకి రొమ్ముల కింద. పక్కు కనపడకపోయినా జబ్బు ఉండొచ్చు. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది, అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెడతారు. ఈ జ్వరంలో పోయిన వినికిడి చాలామందికి వెనక్కి వస్తుంది. మీ అన్నయ్య లేచి కూర్చోగలిగిన రోజున ఒక ఆడియోగ్రామ్, మూడు నెలలకి ఇంకోటి చేయించండి, ఆ రెండు కాగితాలూ డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి దాచిపెట్టండి. ఈలోపు ఇన్ఫెక్షన్ కోసమని అమికాసిన్ లాంటివి మొదలుపెడితే, చెవులు ముందే దెబ్బతిని ఉన్నాయని అక్కడి డాక్టర్‌కి మీరే గుర్తుచెయ్యండి.